క్రియకు కర్త ఎవరు? – వెబ్ అప్లికేషన్ రచనలో ఆబ్జెక్ట్ దృష్టి

వ్యాససంగ్రహం

వెబ్ అప్లికేషన్లు రాయడం నేర్చుకొనేవారికి క్లాస్, మెథడ్ వంటి నిర్మాణాలు త్వరగానే పట్టుబడతాయి. ఆబ్జెక్టుల పరంగా ఆలోచించడం మాత్రం ఆలస్యంగా అలవడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని ఒక కళాశాల గ్రంథాలయ వ్యవస్థను ఊహా ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రోగ్రాములోని ప్రతి క్రియకు తగిన కర్తను నిర్ణయించడమే ఆబ్జెక్ట్ దృష్టికి మూలమని ప్రతిపాదించి, ఆ దృష్టి అలవడడానికి వెబ్ స్వభావం ఎందుకు అడ్డుపడుతుందో, తరగతి గదిలో దానిని ఎలా అలవరచవచ్చో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆబ్జెక్ట్, బాధ్యత, సందేశం, వెబ్ అప్లికేషన్, ప్రోగ్రామింగ్ బోధన.

ఉపోద్ఘాతం

తెలుగు వాక్యంలో కర్త కనిపించకపోయినా అర్థం చెడదు. "గడువు దాటితే జరిమానా వసూలు చేయాలి" అన్న వాక్యం గ్రంథాలయ నియమావళిలో ఉంటే ఎవరికీ సందేహం రాదు. లెక్క కట్టేది ఎవరో, వసూలు చేసేది ఎవరో చదివేవారు సందర్భాన్నిబట్టి గ్రహిస్తారు. కార్యాలయ భాషలో ఇటువంటి వాక్యాలు సర్వసాధారణం. ఇదే వాక్యాన్ని ప్రోగ్రాముగా మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం లోపించిన కర్త ఒక సమస్యగా మారుతుంది. జరిమానా లెక్క కట్టే బాధ్యత ప్రోగ్రాములో ఏ భాగానిది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండానే ప్రోగ్రాము రాయవచ్చు. అది పని కూడా చేస్తుంది. చిక్కు ఆ తరువాత నియమం మారినప్పుడు బయటపడుతుంది.

ఆబ్జెక్ట్ భావన – పూర్వరంగం

ఆబ్జెక్ట్ భావన వెబ్ కన్నా చాలా పాతది. నార్వే రాజధాని ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ 1960లలో సిమ్యులా భాషలను రూపొందించారు. వాస్తవ ప్రపంచంలోని ప్రక్రియలను కంప్యూటరులో అనుకరించడం వారి తొలి ఉద్దేశం. క్లాస్, ఉపక్లాస్ అనే భావనలు సిమ్యులా 67లో రూపుదిద్దుకొన్నాయి. 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆలన్ కే బృందం స్మాల్‌టాక్ భాషను నిర్మించింది. జీవశాస్త్రం కూడా చదివిన కే, ఆబ్జెక్టులను జీవకణాలతోనూ, ఒకదానికొకటి సందేశాలు పంపుకొనే చిన్న కంప్యూటర్లతోనూ పోల్చాడు. ఆబ్జెక్ట్ అన్న పేరు కన్నా వాటి మధ్య సాగే సందేశాలే ముఖ్యమని ఆయన తరువాతి కాలంలో స్పష్టం చేశాడు.

ఈ పోలికలో వెబ్ ప్రోగ్రామర్లు గమనించదగిన విషయం ఒకటి ఉంది. బ్రౌజర్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది; సర్వర్ లోపల ఏమి జరుగుతుందో దానికి తెలియదు, తెలియనవసరం లేదు. సమాధానం వస్తే చాలు. అంటే వెబ్ బాహ్య నిర్మాణం కే ఊహించిన చిత్రానికి దగ్గరగా ఉంది. అయినా సర్వర్ లోపల రాసే కోడ్ చాలా సందర్భాలలో ఈ క్రమశిక్షణను పాటించదు.

పేజీల వారీ ఆలోచన

దీనికి ఒక చారిత్రక కారణం ఉంది. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ, వెబ్ పేజీలో అక్కడక్కడ చిన్న ఆదేశాలను చేర్చే సాధనంగా మొదలయింది. ఒక పేజీకి ఒక ఫైలు, ఆ ఫైలులో పై నుంచి కిందికి వరుసగా ఆదేశాలు అనే పద్ధతి నేర్చుకోవడానికి సులభం. 2000లో వచ్చిన పీహెచ్‌పీ 4లో క్లాసులు ఉన్నా, ఒక ఆబ్జెక్టును మరో చరరాశికి అప్పగిస్తే దాని నకలు తయారయ్యేది. 2004లో వెలువడిన పీహెచ్‌పీ 5లోనే ఈ తీరు మారి, లోపలి సమాచారాన్ని బయటివారికి కనబడకుండా దాచే సౌకర్యం కూడా వచ్చింది. అప్పటికే పేజీల వారీగా ఆలోచించే అలవాటు స్థిరపడింది.

ఈ అలవాటు ఫలితాన్ని ఒక కళాశాల గ్రంథాలయం ఉదాహరణలో చూడవచ్చు. విద్యార్థికి పుస్తకం 14 రోజులకు, పరిశోధక విద్యార్థికి 30 రోజులకు ఇస్తారని, గడువు దాటిన ప్రతి రోజుకు 1 రూపాయి జరిమానా అని అనుకొంటే, పుస్తకం వాపసు తీసుకొనే పేజీలో ఈ లెక్క అవసరం. గడువు పొడిగించే పేజీలోనూ అవసరం. చదువు పూర్తయిన విద్యార్థికి బాకీ లేదని ధ్రువపత్రం ఇచ్చే పేజీలోనూ అవసరం. పేజీల వారీగా ఆలోచించే ప్రోగ్రామర్ ఒకే లెక్కను మూడు చోట్ల రాస్తాడు.

కొంతకాలానికి, సెలవు దినాలకు జరిమానా వేయరాదని గ్రంథాలయ సంఘం నిర్ణయించిందని ఊహిస్తే, ప్రోగ్రామర్ మొదటి రెండు పేజీలను సవరించి మూడవదాన్ని మరచిపోయే అవకాశం ఉంది. వాపసు పేజీలో బాకీ లేదని చూసి వెళ్లిన విద్యార్థినికి, ధ్రువపత్రం కోసం వచ్చిన రోజున దసరా సెలవుల జరిమానా ఎదురవుతుంది. ప్రోగ్రాము ఎక్కడా ఆగిపోలేదు, దోష సందేశం ఏదీ రాలేదు. ప్రతి పేజీ తనలో రాసినదాన్ని రాసినట్లే అమలు చేసింది. లెక్క కట్టే క్రియకు ముగ్గురు కర్తలు ఉండడమే అసలు లోపం. మారే అవకాశం ఉన్న ప్రతి నిర్ణయాన్నీ ఒకే భాగంలో దాచి ఉంచాలని డేవిడ్ పార్నాస్ 1972లోనే వాదించాడు. ఈ ఉదాహరణ ఆ వాదన అవసరాన్ని తెలియజేస్తుంది.

కర్తను వెదకడం

సమస్యా వివరణలోని నామవాచకాలను ఆబ్జెక్టులుగా, క్రియలను మెథడ్‌లుగా తీసుకోవాలని పాఠ్యపుస్తకాలు తరచుగా సూచిస్తాయి. ప్రారంభానికి ఇది ఉపయోగపడుతుంది కాని, ఇక్కడే ఆగితే దారి తప్పుతుంది. గ్రంథాలయ వివరణలో కనిపించే నామవాచకాలు విద్యార్థి, పుస్తకం, గ్రంథపాలకుడు. వాస్తవంలో లెక్క కట్టేది గ్రంథపాలకుడు కనుక, అన్ని పనులనూ ఆయన పేరుతో ఉన్న ఒకే క్లాసుకు అప్పగించాలనిపిస్తుంది. ప్రోగ్రాములో కర్తృత్వాన్ని నిర్ణయించే సూత్రం వేరు. ఒక పనికి కావలసిన సమాచారం ఎవరి వద్ద ఉందో, ఆ పనికి వారే కర్త.

జరిమానా లెక్కకు కావలసినవి పుస్తకం ఇచ్చిన తేదీ, గడువు తేదీ, తీసుకొన్నవారి వివరం. ఇవి పుస్తకానికి చెందిన గుణాలు కావు. విద్యార్థికి చెందినవీ కావు. ఇద్దరి మధ్య కొంతకాలం నిలిచే ఒక సంబంధానికి చెందినవి. ఆ సంబంధానికి తెలుగులో పేరు ఉంది. తిరిగి ఇచ్చే షరతుపై తెచ్చుకొన్న వస్తువును ఎరువు అంటారు. పొలానికి వేసే ఎరువు అన్న అర్థమే నేడు ముందుగా స్ఫురించినా, ఎరువు సొమ్ములు అన్న ప్రయోగం ఇప్పటికీ తెలిసినదే. వివరణలో ఎక్కడా కనిపించని ఈ ఎరువే వ్యవస్థకు కేంద్రమైన ఆబ్జెక్ట్. ఇటువంటి దాగిన నామవాచకాలను కనుగొనడం నేర్చుకొనేవారికి కష్టమైన మెట్టు.

పుస్తకం అన్న మాటలో కూడా రెండు ఆబ్జెక్టులు దాగి ఉన్నాయి. ఒకే గ్రంథానికి నాలుగు ప్రతులు ఉన్నప్పుడు విద్యార్థి ఇంటికి తీసుకొని వెళ్లేది ఒక ప్రతిని. ముందుగా కావాలని నమోదు చేసుకొనేది మాత్రం గ్రంథాన్ని. ఈ భేదాన్ని గుర్తించని వ్యవస్థ, ఒక ప్రతి బయటికి వెళ్లగానే మిగిలిన మూడు ప్రతులు కూడా లేవని చూపగలదు.

ఇప్పుడు సంభాషణ మారుతుంది. పేజీ ఎరువును "ఈ తేదీకి నీపై జరిమానా ఎంత?" అని అడుగుతుంది. ఎరువు తన గడువు తేదీని చూసుకొని, "ఈ రెండు తేదీల మధ్య పనిదినాలు ఎన్ని?" అని సెలవుల పట్టికను అడిగి, లెక్క కట్టి సమాధానం ఇస్తుంది. గడువు తేదీని బయటికి తీసి పేజీలో పోల్చవలసిన అవసరం ఉండదు. సెలవుల నియమం వచ్చిన రోజున మార్పు ఒక్క ఎరువులోనే జరుగుతుంది. మూడు పేజీలలో ఒక్కదానినీ ముట్టుకోనవసరం లేదు. గడువు దగ్గరపడినవారికి రాత్రివేళ సందేశాలు పంపే కార్యక్రమం రేపు చేరినా, అది కూడా ఇదే ఎరువును అడుగుతుంది.

వెబ్ తెచ్చే ప్రత్యేక చిక్కు

బల్లమీది కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములో ఆబ్జెక్ట్ ఒకసారి పుడితే ప్రోగ్రాము మూసేవరకు జీవించి ఉండగలదు. వెబ్‌లో పరిస్థితి భిన్నం. హెచ్‌టీటీపీ నియమాల ప్రకారం ప్రతి అభ్యర్థన స్వతంత్రమైనది. సాధారణ పీహెచ్‌పీ అప్లికేషన్‌లో అభ్యర్థన రాగానే ఆబ్జెక్టులు కొత్తగా తయారవుతాయి, సమాధానం పంపగానే నశిస్తాయి. మిగిలేది డేటాబేస్ పట్టికలోని వరుస. అందువల్ల ఆ వరుసే అసలైన వస్తువని, ఆబ్జెక్ట్ దానికి తాత్కాలికమైన తొడుగు మాత్రమేనని ప్రోగ్రామర్లకు అనిపించడం సహజం.

ఈ చిక్కును విడదీయాలంటే ఆబ్జెక్టు గుర్తింపును దాని జ్ఞాపకస్థానం నుంచి వేరు చేసి చూడాలి. పట్టికలోని వరుస ఎరువు నిద్రించే రూపం. అభ్యర్థన వచ్చినప్పుడు దానిని మేల్కొలిపి, నిర్ణయం తీసుకోనిచ్చి, మారిన స్థితిని తిరిగి భద్రపరచాలి. మేల్కొలపడం, భద్రపరచడం అనే పనులను రిపాజిటరీ అనే వేరొక ఆబ్జెక్టుకు అప్పగిస్తే, ఎరువుకు డేటాబేస్ గురించి తెలియవలసిన అవసరం ఉండదు.

ట్రిగ్వే రేన్‌స్కౌగ్ 1978-79 ప్రాంతంలో జిరాక్స్ పార్క్‌లో రూపొందించిన మోడల్-వ్యూ-కంట్రోలర్ విభజన వెబ్ చట్రాలలోకి కొన్ని మార్పులతో చేరింది. ఇక్కడ కంట్రోలర్ పని పరిమితమైనది: అభ్యర్థనను అర్థం చేసుకోవడం, తగిన ఆబ్జెక్టును పిలిపించడం, సందేశం అందించడం, వచ్చిన సమాధానాన్ని వ్యూకు ఇవ్వడం. కంట్రోలర్‌లో గ్రంథాలయ నియమానికి సంబంధించిన షరతు కనిపిస్తే, ఆ నియమం తన చోట లేదని గ్రహించవచ్చు.

తప్పటడుగులు

నేర్చుకొనేవారు సాధారణంగా మూడు చోట్ల తడబడతారు. మొదటిది, పాత ఆదేశాలన్నింటినీ ఒక పెద్ద క్లాసులోకి తరలించి ఆబ్జెక్ట్ పద్ధతి వచ్చిందనుకోవడం. గది మారింది కాని, పని పంపకం మారలేదు. రెండవది, ప్రతి పట్టికకు ఒక క్లాసు తయారుచేసి, అందులో సమాచారాన్ని చదివే, మార్చే మెథడ్‌లు మాత్రమే ఉంచడం. నిర్ణయాలన్నీ బయటే ఉంటాయి. మార్టిన్ ఫౌలర్ 2003లో ఇటువంటి నమూనాను రక్తహీనమైనదిగా వర్ణించాడు.

మూడవది వారసత్వంపై మోజు. సభ్యుడు అనే క్లాసుకు విద్యార్థి, పరిశోధకుడు, అధ్యాపకుడు అనే ఉపక్లాసులు తయారుచేయడం మొదట చక్కగానే కనిపిస్తుంది. ఒక అధ్యాపకురాలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరిన రోజున ఈ వంశవృక్షం విఫలమవుతుంది. ఆమె రెండు ఉపక్లాసులకూ చెందుతుంది. సభ్యత్వ హోదాను వేరే ఆబ్జెక్టుగా చేసి, సభ్యురాలికి ఒకటి గాని, అంతకంటె ఎక్కువ గాని హోదాలు ఉండనిస్తే ఈ సమస్య తీరుతుంది. వారసత్వం కన్నా కూర్పుకే ప్రాధాన్యం ఇవ్వాలని గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ గ్రంథంలో సూచించారు.

ఈ దృష్టికి హద్దులు కూడా ఉన్నాయి. నెలకు ఎన్ని పుస్తకాలు వెళ్లాయో లెక్కించి చూపే నివేదికకు డేటాబేస్ ప్రశ్న ఒకటి సరిపోతుంది. వేల ఎరువులను మేల్కొలపడం వృథా. నియమాలు తక్కువగా ఉన్న చిన్న పనులకు వరుస ఆదేశాల పద్ధతి తగినదేనని ఫౌలర్ కూడా 2002 నాటి తన గ్రంథంలో అంగీకరించాడు.

బోధనకు కొన్ని సూచనలు

కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1989లో ఆబ్జెక్ట్ ఆలోచనను నేర్పడానికి సీఆర్‌సీ కార్డులను పరిచయం చేశారు. ఒక్కో చిన్న అట్టపై క్లాసు పేరు, దాని బాధ్యతలు, దానికి సహకరించే ఇతర క్లాసులు రాస్తారు. కంప్యూటర్ అవసరం లేని ఈ పద్ధతి తెలుగు మాధ్యమ నేపథ్యం ఉన్న తరగతులకు కూడా అనుకూలం. ఒక్కో విద్యార్థి ఒక్కో కార్డు పట్టుకొని, తన కార్డులో ఉన్న బాధ్యతకే సమాధానం చెబుతూ, పుస్తకం వాపసు ఘట్టాన్ని నడిపించవచ్చు. అన్ని ప్రశ్నలూ ఒకే విద్యార్థి వద్దకు వెళుతుంటే బాధ్యతల పంపకం సరిగా లేదని తరగతి మొత్తానికీ కళ్లముందే తెలుస్తుంది.

దీనికి ముందుగా ఒక భాషాభ్యాసం ఉపకరిస్తుంది. నియమావళిలోని కర్త లేని వాక్యాలను కర్త ఉన్న వాక్యాలుగా తిరగరాయించాలి. "జరిమానా లెక్కించాలి" అన్నది "ఎరువు తన జరిమానాను లెక్కిస్తుంది" అని మారుతుంది. వాస్తవంలో వింతగా తోచే ఈ వాక్యం ప్రోగ్రాములో సహజమైనదని గ్రహించడమే ఈ అభ్యాస ప్రయోజనం. చివరగా మూల్యాంకనంలో ఒక మార్పు అవసరం. ప్రోగ్రాము పూర్తయిన తరువాత అధ్యాపకులు ఒక నియమాన్ని మార్చి, దానికోసం విద్యార్థి ఎన్ని చోట్ల కోడ్ సవరించవలసి వచ్చిందో లెక్కించవచ్చు. నిర్వచనాలు అడిగే పరీక్ష కన్నా ఈ లెక్క ఆలోచనా విధానాన్ని స్పష్టంగా చూపుతుంది.

ముగింపు

క్లాసుల వ్యాకరణం ప్రోగ్రామింగ్ భాష నేర్పుతుంది. ఏ పని ఎవరిదో నిర్ణయించే వివేకం మాత్రం సమస్యను పరిశీలించడం వల్లనే వస్తుంది. వెబ్‌లో పేజీ కంటికి కనిపిస్తుంది, డేటాబేస్ వరుస స్థిరంగా నిలుస్తుంది. నియమాన్ని మోసే ఆబ్జెక్ట్ ఈ రెండింటి మధ్య కొద్ది క్షణాలు మాత్రమే జీవిస్తుంది. అయినా ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థినికి సరైన లెక్క అందేది ఆ ఆబ్జెక్ట్ తన బాధ్యతను తానే నిర్వర్తించినప్పుడే. అందువల్ల కోడ్ రాయడానికి ముందే ప్రతి క్రియకు కర్తను పేర్కొనే అలవాటును పాఠ్యప్రణాళికలో భాగం చేయడం సముచితం.