పొద్దున్నే వెళ్ళే చోటు

మేధోవైకల్యం ఉన్నవారితో స్కాట్లాండ్‌లో ఒకే ఇంట్లో ఉండి, పనిచేసి, గోదావరి జిల్లాకు తిరిగొచ్చిన ఒకమ్మాయి చెబుతున్న మాటలు

ఏటా ఆగస్టు వచ్చిందంటే స్కాట్లాండ్‌లోని క్యాంప్‌హిల్ ఊళ్లలో వీడ్కోళ్లు మొదలవుతాయి. ఏడాదిపాటు అక్కడే ఉండి పనిచేసిన కుర్రకారు పెట్టెలు సర్దుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది జర్మనీ పిల్లలు. స్కూలు అయిపోయాక, కాలేజీలో చేరేముందు ఒక సంవత్సరం ఇలాంటి పనికి ఇవ్వడం అక్కడ మామూలే. వాళ్లు వెళ్లగానే కొత్త బ్యాచ్ దిగుతుంది. డౌన్ సిండ్రోమ్, ఆటిజం లాంటివి ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఊళ్లోనే ఉంటారు. ఇరవై, ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నవాళ్లు ఇప్పటికి ఎంతమందిని సాగనంపి ఉంటారో! నన్నూ ఓ ఆగస్టులోనే సాగనంపారు. బ్రిటన్ ఇచ్చే చారిటీ వర్కర్ వీసా గడువు ఎంత పొడిగించినా 12 నెలలే. జీతం ఉండదు. గది, భోజనం, చేతిఖర్చుకు కొంత డబ్బు, అంతే.

ఆ ఊళ్లు ఎలా పుట్టాయో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కార్ల్ కోనిగ్ వియన్నాలో పిల్లల డాక్టర్, యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో దేశం వదిలి, కొందరు యువ శరణార్థులతో కలిసి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వైపు చేరాడు. ఎవరూ బడిలో చేర్చుకోని పిల్లల్ని వాళ్లు తమ ఇంట్లోనే పెట్టుకుని పెంచడం మొదలుపెట్టారు. అంతలో యుద్ధం వచ్చింది. శత్రుదేశస్తులన్న పేరుతో 1940లో మగవాళ్లందరినీ నిర్బంధించారు. అయినా ఆ ఏడాది జూన్ 1న ఆడవాళ్లే పిల్లల్ని వెంటబెట్టుకుని డీ నది ఒడ్డున ఉన్న క్యాంప్‌హిల్ అనే ఎస్టేటులోకి మారారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో ఇలాంటివాళ్లను ‘బతకడం దండగ’ అని గ్యాస్ గదులకు పంపుతున్నారు. 1941 ఆగస్టు నాటికి అలా 70 వేల మందికి పైగా చంపేశారు. ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయి వచ్చిన మనుషులు, తమ చేతిలో ఏమీ లేని కాలంలో, ఆ పిల్లల కోసం ఇల్లు కట్టారు. ఈ సంగతి తెలిశాక నేనున్న ఇంటి మెట్లు ఎక్కుతుంటేనే నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఇప్పుడు 20కి పైగా దేశాల్లో ఇలాంటి ఊళ్లు 100కు పైనే ఉన్నాయి.

కాటా దగ్గర ఆయన

నేనున్న ఇంట్లో పది పన్నెండు మందిమి. ఏళ్ల తరబడి అక్కడే కాపురముంటున్న దంపతులు, వాళ్ల పిల్లలు, నాలాంటి వాలంటీర్లు, సాయం అవసరమైన పెద్దవాళ్లు. ఒకటే వంటగది, ఒకటే బల్ల. అందరం చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నాకే భోజనం. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకే చోట, ఆ బల్ల దగ్గర కూర్చోవడమే పెద్ద ధైర్యం.

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇల్లు ఖాళీ అయిపోయేది. ఎవరి పనికి వాళ్లు వెళ్లాల్సిందే. కొందరు తోటకు, కొందరు పశువుల దగ్గరకు, కొందరు వడ్రంగి షెడ్డుకు. నన్ను బేకరీలో వేశారు. అక్కడ యాభై దాటిన ఒకాయన ఉండేవారు. డౌన్ సిండ్రోమ్. మాట తక్కువ. బ్రెడ్డుకు కలిపిన పిండిని ముద్దలుగా తూచడం ఆయన పని. ముద్ద కాటా మీద పెట్టి, అంకె చూసి, ఎక్కువైతే చిటికెడు గిల్లేవారు, తక్కువైతే అతికించేవారు. కాటా పక్కన గోడకు పెద్ద అక్షరాలతో ఓ అట్టముక్క అంటించి ఉండేది. రావాల్సిన అంకె అందులో ఎర్రగా రాసి ఉండేది. కాటా మీది అంకె, అట్ట మీది అంకె ఒకటయ్యేదాకా ముద్దను వదిలేవారు కాదు. నేను తొందరపడి చెయ్యి పెడితే నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపేవారు. ఆయనకు జలుబు చేసి రాని రోజున బేకరీ పని వెనకబడేది. మధ్యాహ్నం కేఫ్‌కు వచ్చినవాళ్లు ‘ఆయన రాలేదా ఇవాళ?’ అని అడిగేవారు.

ఆ ప్రశ్న గురించి నేను చాలా ఆలోచించాను. ఒక మనిషి రాకపోతే ఊరికి తెలియడం ఎంత గొప్ప సంగతి!

అక్కడ అంతా బంగారమేనని చెప్పను. ఆయన చెల్లెలు ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు, మిగతా రోజుల్లో ఫోనే. ప్రేమగా అలవాటైన వాలంటీర్ ఆగస్టులో మాయమైపోతే, కొందరు వారాల తరబడి సరిగ్గా తినరు. నేను బయల్దేరే ముందు క్యాలెండరు తెచ్చి, మళ్లీ ఎప్పుడొస్తావో గుర్తు పెట్టమన్నారాయన. నేను ఏ తేదీ మీదా పెన్ను పెట్టలేకపోయాను.

‘ఎంత మిగిలింది?’

ఇంటికొచ్చాక చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఏమీ మిగల్లేదంటే, ‘పోనీలే, పుణ్యం చేసుకున్నావు’ అన్నారు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట నాకు మింగుడు పడదు. ఆయన తూచిన పిండితో చేసిన బ్రెడ్డు నేను తిన్నాను. నాకు జ్వరమొస్తే ఆ ఇంట్లోవాళ్లే టీ పెట్టి ఇచ్చారు. అందులో నేను చేసిన పుణ్యమెక్కడిది?

అన్నిటికంటే కష్టంగా అనిపించింది మా అన్నయ్యను చూడడం. మా పెద్దమ్మ కొడుకు, తణుకు దగ్గర పల్లెటూరు. డౌన్ సిండ్రోమే, ముప్ఫై దాటాయి. వాణ్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. పెద్దమ్మ అన్నం కలిపి పళ్లెం చేతికిస్తుంది. పెద్దనాన్న కిరాణా కొట్టు వెనకగదిలో కుర్చీ వేసి, టీవీ పెట్టి కూర్చోబెడతారు. పెళ్లికైనా పేరంటానికైనా వెంట తీసుకెళ్తారు. స్కాట్లాండ్‌లో ఆయనకు లేని అమ్మానాన్న, పిన్ని, బాబాయి, వీధంతా మా అన్నయ్యకు ఉన్నారు. తెల్లారితే లేచి వెళ్లడానికి ఒక చోటు మాత్రం లేదు. చిన్నప్పుడు ఉండేది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వెళ్లేవాడు, బొమ్మలు గుర్తుపట్టేవాడు, అంకెలు నేర్చుకున్నాడు. వయసు దాటాక ఆగిపోయింది. అప్పట్నుంచీ వాడి రోజంతా ఆ కుర్చీలోనే.

బేకరీలో చూసినదే కొట్లో పెట్టి చూద్దామన్నాను. కందిపప్పు బస్తా విప్పి, అరకిలో ప్యాకెట్లు కట్టే పని. ఎలక్ట్రానిక్ కాటా పక్కన అట్టముక్క మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘500’ అని రాసి అంటించాను. మొదట్లో డబ్బాతో గుమ్మరించేసేవాడు, 700, 800 వచ్చేది. డబ్బా తీసేసి చిన్న గరిటె ఇచ్చాం. ఇప్పుడు 470 దాకా గరిటెతో పోస్తాడు, ఆ తర్వాత వేళ్లతో గింజలు వదులుతాడు. 500 రాగానే ‘అయ్యింది’ అని కేకేస్తాడు. సీలు మిషను వేడిగా ఉంటుంది కాబట్టి అది పెద్దనాన్న చూసుకుంటారు. పెద్దనాన్న కట్టిన ప్యాకెట్లు ఐదు గ్రాములు అటూ ఇటూ ఉంటాయి. అన్నయ్యవి ఉండవు.

పెద్దమ్మ నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ‘ఏమ్మా, కూర్చోబెట్టి పెట్టలేక పని చేయిస్తున్నామనుకోరూ నలుగురూ?’ అంది ఒకరోజు, కళ్లు తుడుచుకుంటూ. అన్నట్టే కొట్టుకొచ్చిన ఒకావిడ ‘పాపం, వాడిచేత చేయిస్తున్నారా’ అని నొచ్చుకుంది. మనవాళ్ల ప్రేమలో ఉన్న ఇబ్బంది ఇదేనని నాకనిపిస్తుంది. కష్టపెట్టకూడదన్న మమకారంతో ముప్ఫై ఏళ్ల మనిషిని మూడేళ్లవాడిగా ఉంచేస్తాం. పెద్దమ్మ మనసు ఎలా మారిందో నాకు తెలియదు, ఒక రోజు తనే అన్నయ్యకు ఉతికిన చొక్కా వేసి, తల దువ్వి, ‘కొట్టుకు పోతున్నాడు’ అని పక్కింటావిడతో చెప్పింది.

ఆ పని పదకొండుకల్లా అయిపోతుంది. తర్వాత మళ్లీ కుర్చీ, టీవీ.

పద్దెనిమిది తర్వాత

మన దేశంలో చట్టం లేదనడానికి వీల్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు ఇస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 పింఛను వస్తోంది, తెలంగాణలో 4,016. మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచీ సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉంది. ట్రస్టు పథకాల్లో పెద్దవాళ్ల కోసం డే కేర్, గ్రూప్ హోమ్ కూడా ఉన్నాయి. కానీ మా పెద్దమ్మ ఆటో ఎక్కి వెళ్లగలిగిన దూరంలో అలాంటిది ఒక్కటీ నాకు దొరకలేదు.

ఈ కొరత రోజురోజుకూ పెద్దదవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో అమెరికాలో 25 ఏళ్లు, ఇప్పుడు 60కి చేరింది. గుండె ఆపరేషన్లు అందుబాటులోకి రావడం అందుకు పెద్ద కారణం. అంటే బిడ్డ తల్లిదండ్రుల తర్వాత కూడా బతుకుతాడు. ‘మేం పోయాక వీడెలా?’ అని అమ్మలు అడిగేది అందుకే.

క్యాంప్‌హిల్‌ను తెచ్చి గోదావరి గట్టున పెట్టాలని నేను అనడం లేదు. పుణె దగ్గర సాధనా విలేజ్, బెంగళూరులో 1970లోనే మొదలైన ఆశా నికేతన్ లాంటివి మన దేశంలో దారి చూపించాయి. అయితే ఎక్కడైనా ఊరికి దూరంగా, నాలుగు గోడల మధ్య, ఒక పెద్దమనిషి మీద నమ్మకంతో నడిచే చోటంటే నాకు భయం. ఆశా నికేతన్‌కు మూలమైన లార్ష్ ఉద్యమాన్ని 1964లో ఫ్రాన్స్‌లో స్థాపించిన జాన్ వానియేను లోకమంతా మహాత్ముడిలా చూసింది. ఆయన పోయాక, 2020లో, లార్ష్ తానే విచారణ జరిపించి, ఆయన ఆరుగురు మహిళలను లైంగికంగా దోచుకున్నాడని బయటపెట్టింది. వాళ్లలో మేధోవైకల్యం ఉన్నవారు లేరు. అయినా, నోరు విప్పి చెప్పుకోలేనివాళ్లు ఉండే ఇంటికి రోజూ వచ్చిపోయే మనుషులు ఉండాలి. అందుకే పని చేసే చోటు ఊరి మధ్యలో, బజారులో ఉండాలంటాను. రాత్రికి ఎవరింటికి వాళ్లు పోవాలి, ఆ ఇల్లు ఉన్నంతకాలం.

భవిత కేంద్రాలకు గదులున్నాయి. అక్కడ పనిచేసే సహిత విద్య ఉపాధ్యాయులకు ఈ పిల్లల తీరు తెలుసు. పద్దెనిమిది దాటినవాళ్లకు మధ్యాహ్నం పూట ఆ గదులు తెరిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. ప్రభుత్వం ఆ నిర్ణయం తీసుకునేలోపు చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులు కొందరితో కలిసి మా పెద్దనాన్న కొట్టు అరుగు మీద కూర్చుంటున్నాం. పూలదండలు కట్టడం, విస్తళ్లు కుట్టడం, పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు అంటించడం దాకా పనుల జాబితా వచ్చింది. పంచాయతీ పాత గది ఒకటి ఇస్తామన్నారు. పైకప్పు కారుతోంది, రేకులు వేయించాలి. నలుగురిని ఇళ్ల నుంచి తీసుకొచ్చే ఆటోకు నెలకు ఎంతవుతుంది, పింఛనులోంచి తలా ఎంత వేసుకోవాలి అన్న దగ్గర మాట ఆగింది. ఒకాయన పింఛను డబ్బు ముట్టుకోవద్దన్నారు. ఆయన చెప్పిందీ సబబే. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటాం.