సన్నబడే ఆపరేషనా? బోర్డు చూసి వెళ్లొద్దు!

డాక్టరు ఎవరన్నదే కాదు.. ఏ ఆసుపత్రిలో చేస్తారన్నదీ ప్రాణం మీది మాటే

బెంగళూరు: హిందూపురం, మడకశిర వాళ్లకైనా, ఇటు బాగేపల్లి, గౌరిబిదనూరు, పావగడ, ముళబాగిలు తెలుగువాళ్లకైనా పెద్దాసుపత్రి అంటే బెంగళూరే. గుండెకూ, కిడ్నీకీ వెళ్లినట్టే ఇప్పుడు ఒళ్లు తగ్గించుకోవడానికీ బస్సెక్కుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి 36 మంది, కర్ణాటకలో 30 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. సిటీలో ఏ రోడ్డు చూసినా 'నొప్పి లేదు, మరునాడే ఇంటికి' అనే బోర్డులే. ఏది నమ్మాలి? ఎవరి దగ్గరికెళ్లాలి?

రెండూ ఒకటి కాదు

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కొవ్వు పీల్చే లైపోసక్షన్ వేరు, బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ వేరు. మొదటిది ప్లాస్టిక్ సర్జన్ల పని. నడుము దగ్గరో, పొట్ట మీదో చర్మం కింద పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగేస్తారు. ఆకారం మారుతుంది గానీ ఆకలి తగ్గదు, షుగరు తగ్గదు. రెండోది జీర్ణాశయం మీద చేసేది. 'స్లీవ్' పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంచుతారు. 'బైపాస్'లో చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. తిండి తగ్గుతుంది, ఆకలి పుట్టించే హార్మోన్లు మారతాయి. చాలామందికి షుగరు కూడా అదుపులోకొస్తుంది.

అలాగని లైపోసక్షన్ చిన్న పనేం కాదు. 2022 మే 16న రాజాజీనగర్‌లోని ఓ ప్రైవేటు క్లినిక్‌లో కొవ్వు తీయించుకున్న కన్నడ టీవీ నటి చేతనా రాజ్ ప్రాణాలు కోల్పోయారు. వయసు 21. ఇంట్లో చెప్పకుండా చేరారు. పరిస్థితి విషమించాక వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఫలితం లేకపోయింది. మన తెరమీద వెలిగిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే కన్నుమూశారు. కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీయించుకున్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

సర్జన్‌ను అడగండి

బేరియాట్రిక్ సర్జరీయే అని తేలాక ఇక సర్జన్ సంగతి. పేరు వెనకున్న అక్షరాల వరుస చూసి మురిసిపోనక్కర్లేదు. జనరల్ సర్జరీలో ఎంఎస్ లాంటి పీజీ ఉండాలి. ఆపైన లాప్రోస్కోపీలో, ముఖ్యంగా బేరియాట్రిక్‌లో శిక్షణ ఉండాలి. ఏడాదిపాటు పెద్ద సర్జన్ దగ్గర పనిచేసినా ఫెలోషిప్పే, నాలుగు రోజుల కోర్సు చేసినా ఫెలోషిప్పే! 'ఎక్కడ సార్, ఎన్నాళ్లు?' అని అడగడంలో తప్పులేదు. ఏడాదికి ఎన్ని చేస్తారు, కుట్ల దగ్గర ఎందరికి లీకయింది, ఎందరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సొచ్చిందన్నదీ అడగాలి. 'మా దగ్గర అసలు లీకులే ఉండవు' అనే డాక్టరుకన్నా లెక్క చెప్పే డాక్టరు నయం. ఎక్కువ ఆపరేషన్లు చేసేవాళ్లెవరికైనా ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేదే అది.

అందరికీ ఒకే ఆపరేషన్ చెప్పే చోటా జాగ్రత్తగా ఉండాలి. గుండెమంట బాగా ఉన్నవాళ్లకు స్లీవ్‌తో అది ఇంకా పెరగొచ్చు. అలాంటివాళ్లకు సాధారణంగా బైపాస్ వైపు మొగ్గు చూపుతారు. ఎండోస్కోపీ లేదు, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడలేదు, డైటీషియన్ మొహమే కనబడలేదు, అయినా ఆపరేషన్ తేదీ ఇచ్చేశారంటే లేచి రావడమే మంచిది.

డాక్టరు సరే.. ఆసుపత్రి?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 2024 ఏప్రిల్‌లో చెన్నై శివారు పమ్మల్‌లో ఈ ఆపరేషన్‌కు చేరిన ఓ యువకుడు చనిపోయాడు. ఖర్చు తగ్గుతుందని చిన్న ఆసుపత్రిలో చేరినట్టు కుటుంబసభ్యులు చెప్పారు. విచారణ తర్వాత తమిళనాడు ఆరోగ్యశాఖ ఆ ఆసుపత్రి అనుమతిని తాత్కాలికంగా నిలిపేసింది. పేరున్న సర్జన్లు నాలుగైదు చోట్ల ఆపరేషన్లు చేస్తుంటారు. అన్నిచోట్లా సదుపాయాలు ఒకేలా ఉండవు. వెంటిలేటరున్న ఐసీయూ అదే భవనంలో ఉందా? రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా? రోగి బరువును మోసే టేబులు, స్కానింగ్ యంత్రం ఉన్నాయా? కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థల చట్టం-2007 కింద ప్రతి ఆసుపత్రీ రిజిస్ట్రేషన్ పత్రం కనబడేలా పెట్టాలి. అది క్లినిక్ అనుమతా, ఆసుపత్రి అనుమతా అన్నది ఒకసారి చదువుకోండి.

లీకు చాలాసార్లు బయటపడేది ఇంటికొచ్చాకే. జ్వరం, గుండె దడ, కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి. హిందూపురంలో అర్ధరాత్రి ఇది మొదలైతే బెంగళూరు వంద కిలోమీటర్లు! స్థానిక డాక్టరుకు ఈ కేసు చూసిన అనుభవం ఉండకపోవచ్చు. అందుకే దూరం నుంచొచ్చేవాళ్లు ఎన్ని రోజులు సిటీలో ఉండాలో ముందే అడిగి, బంధువుల ఇల్లో, గదో చూసుకోవాలి.

డబ్బు సంగతి

ప్యాకేజీ అంటే అందులో ఏముందో కాగితం మీద రాయించుకోవాలి. బిల్లులో పెద్ద భాగం స్టేప్లర్లదే. ఒకసారి వాడి పారేయాల్సినవవి. కొత్తవే వాడతారా, బిల్లులో చూపిస్తారా అని అడగండి. ఐసీయూలో అదనంగా ఉండాల్సొస్తే ఎంతవుతుందన్నదీ ముఖ్యమే.

బీమా దగ్గర ఇంకో చిక్కుంది. ఆసియా దేశాలవారికి బీఎంఐ 27.5 దాటితే సర్జరీని పరిశీలించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి అది 70 కిలోలు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం బీఎంఐ 40 ఉండాలి, అంటే అదే మనిషికి 102 కిలోలు. అదుపులో లేని షుగరు, గుండెజబ్బు, నిద్రలో తీవ్రంగా ఊపిరాగడం లాంటివి ఉండి, ఇతర మార్గాలు ఫలించకపోతే 35 చాలు. డాక్టరు 'చేయొచ్చు' అన్నంత మాత్రాన కంపెనీ 'ఇస్తాం' అనదు. వెయిటింగ్ పీరియడ్ కూడా చూసుకోవాలి.

2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశానికొచ్చాయి. సర్జరీకి ముందు వాటి సంగతీ ఎండోక్రైనాలజిస్టుతో మాట్లాడొచ్చు. వచ్చిన కొత్తలో అవీ ఖరీదైనవే, మానేస్తే బరువు మళ్లీ పెరిగే అవకాశం ఉంది.

సర్జరీ అయ్యాక బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వాడాలి. కనీసం ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు. పెళ్లయిన ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఇవన్నీ ఎవరు చూస్తారు, ఫోనెత్తేదెవరు అన్నది సంతకం పెట్టకముందే తేలాలి. ఆ సంతకం పెట్టే కాగితం ఇంగ్లిషులోనో, కన్నడలోనో ఉంటుంది. తెలుగులో చదివి వినిపించమని అడిగే హక్కు రోగికి ఉంది. డిశ్చార్జి రోజు ఏ ఆపరేషన్ చేశారో రాసిన కాగితాన్ని రెండు జిరాక్సులు తీయించి, ఒకటి ఊళ్లో డాక్టరుకు ఇవ్వండి.