గడప మారిన పుస్తక వ్యాపారం

ఏ రాతప్రతి అచ్చుకు నోచుకోవాలో, దాని ధర ఎంతో, అది ఏ దుకాణాలకు చేరాలో దశాబ్దాల పాటు ప్రచురణ సంస్థలే తేల్చేవి కాబట్టి, పుస్తక రంగంలో పోటీ ప్రధానంగా ఆ సంస్థల మధ్యే సాగేది. వాటి ఆమోదం దొరకని రచయిత సొంత డబ్బుతో ప్రతులు వేయించుకుని, అమ్ముడుపోని కట్టలను ఇంట్లో పేర్చుకోవలసి వచ్చేది. తెలుగు రచయితలకు ఈ కష్టం బాగా తెలిసినదే. 2007 నవంబరులో అమెరికాలో కిండిల్ అనే ఈ-పుస్తక పరికరాన్ని విడుదల చేసిన అమెజాన్, దానితోపాటే స్వీయ ప్రచురణ వేదికను, అంటే రచయితే తన పుస్తకాన్ని ఎక్కించి, ధర నిర్ణయించి, అమ్మకాల్లో వాటా పొందే ఏర్పాటును తెరవడంతో ఆ పరిస్థితి మారసాగింది.

అసలు మలుపు 2010లో వచ్చింది. 2.99 నుంచి 9.99 డాలర్ల ధర గల ఈ-పుస్తకాలపై 70 శాతం రాయల్టీని, అంటే ప్రతి అమ్మకంలో రచయితకు దక్కే వాటాను, అమెజాన్ ఆ ఏడాది అమలులోకి తెచ్చింది. పెద్ద ప్రచురణ సంస్థలు ఈ-పుస్తకాలపై తమకు చేరే నికర రాబడిలో 25 శాతం ఇవ్వడం అప్పటి రివాజు. 9.99 డాలర్ల ఈ-పుస్తకంలో దుకాణం 30 శాతం మినహాయించుకున్నాక మిగిలినదానిలో నాలుగో వంతు, అంటే సుమారు 1.75 డాలర్లు, సంస్థ ద్వారా రచయితకు చేరితే, అదే పుస్తకాన్ని ఆయన సొంతంగా 2.99 డాలర్లకే అమ్ముకున్నా, డౌన్‌లోడుకు పట్టుకునే చిన్న రుసుము పోను, దాదాపు రెండు డాలర్లు మిగులుతాయి. ఎడిటింగు, ముఖచిత్రం, ప్రచారం ఖర్చులు రచయిత మీదే పడతాయన్నది నిజమే అయినా, పాఠకుడికి మూడో వంతు కంటే తక్కువ ధర, రచయితకు ఎక్కువ రాబడి ఒకేచోట కుదరడం పాత సంస్థలు ఎన్నడూ ఎదుర్కోని పోటీ.

దాని ఫలితం ఒప్పందాల్లోనే కనిపించింది. హ్యూ హోవీ స్వయంగా వెలువరించిన ‘వూల్’ నవలకు ఆదరణ పెరిగాక, 2012లో సైమన్ అండ్ షుస్టర్ సంస్థ అచ్చు హక్కులతోనే సరిపెట్టుకుని ఈ-పుస్తక హక్కులను ఆయనకే వదిలివేసింది. అంతకుముందు కొత్త రచయిత ఊహించుకోలేని షరతు అది. ఆండీ వియర్ తన వెబ్‌సైటులో ఉచితంగా ధారావాహికగా ఇచ్చి, తర్వాత కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టిన ‘ద మార్షియన్’ను క్రౌన్ సంస్థ 2014లో ప్రచురించింది. కొత్త రచయితను పరీక్షించే పని ఆ విధంగా ఎడిటర్ బల్ల నుంచి పాఠకుల చేతికి వచ్చింది.

అయితే ప్రవేశం సులువైన కొద్దీ పాఠకుడి కంటపడటం కష్టమైంది, కంటపడే చోటు వేదిక అదుపులోనే ఉంది. నెలసరి చందాతో పుస్తకాలు చదివించే కిండిల్ అన్‌లిమిటెడ్ పథకంలో 2015 జులై నుంచి రచయితకు చదివిన పుటల లెక్కన చెల్లిస్తున్నారు. ఒక్కో పుటకు ఎంతన్నది ముందుగా ఖరారై ఉండదు. కాబట్టి ఇందులో చేరే రచయితలు ఒక నిబంధనను తప్పక చదవాలి: చేరిన 90 రోజుల పాటు ఆ ఈ-పుస్తకాన్ని మరే దుకాణంలోనూ, చివరకు సొంత వెబ్‌సైటులోనూ అమ్మకూడదు.