గూడుబండిలో ఒంటరి యాత్ర: ఎల్లారెడ్డి అడవి అంచున

పూర్వము మన పల్లెలలో జాతరకు పోవువారు గూడుబండి కట్టించుకొనెడివారు. తెలంగాణములో దానినే కచ్చురమందురు. బియ్యము, వంటపాత్రలు, చాప, కందీలు అన్నియు అందులోనే. పొద్దు క్రుంకినచోట ఎడ్లను విప్పి, చెట్టుక్రింద మూడురాళ్ల పొయ్యి పెట్టి, రాత్రి గడిపి, కోడికూతకు మరల బండి కట్టెడివారు. నేడు మోటారు వ్యానులో పరుపు, నీళ్ల పీపా, గ్యాసు పొయ్యి అమర్చుకొని తిరుగువారు చేయుచున్నదియు ఇదియే. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు 'వాండరర్' అను గుర్రపుబండి ఇంటిలో ఇంగ్లండునుండి స్కాట్లండువరకు విహారముచేసి, ఈ వేడుకకు పడమటి దేశములలో దారి చూపెను. మనకది జాతర, వారికది విహారము. అంతియే భేదము.

అట్టి వ్యాను నొకదానిని తీసికొని మేము మార్చి నెల చివర మెదకునుండి ఎల్లారెడ్డి దారి పట్టితిమి. 'మేము' అనుట వ్రాతలోని మర్యాద మాత్రమే. బండిలో నున్నది ఒక్క ప్రాణియే.

ఈ దారిని ఎన్నుకొనుటకు కారణమున్నది. నేటి కామారెడ్డి జిల్లాలోని ఈ ప్రాంతము రెండు గొప్ప జలాశయములకు చేరువది. మంజీరలో కలియు వాగునకు అడ్డముగా 1916, 1922 సంవత్సరముల నడుమ కట్టిన పోచారము చెరువొకటి. మంజీర నదిపైననే 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము రెండవది. పోచారము చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము. 1952లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి, మనుబోతు, నాలుగుకొమ్ముల జింక నివసించుచున్నవి. వేటగాని తుపాకి తిరిగినచోటనే వేట నిషిద్ధమగుట కాలము తెచ్చిన మార్పు.

చలికాలమున ఈ నీటికి దూరదేశపు అతిథులు వత్తురు. తలమీద రెండు నల్లని అడ్డగీతలు గల బాతులు మధ్య ఆసియా సరస్సులకడ పిల్లలను చేసి, హిమాలయములను దాటి దక్షిణమునకు వచ్చును. గాలి పలుచనైన ఆ యెత్తులందు సైతము ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనగల శక్తి వాని నెత్తురునకు కలదు. మన కవులు వర్ణించిన జక్కవలును ఇట్లే ఉత్తరమునుండి వచ్చునవే. 1931-32లో ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ హైదరాబాదు రాష్ట్రపు పక్షులను పరిశీలించి, వాని వివరములను గ్రంథస్థము చేసెను. మేము పోవునప్పటికి అతిథులు చాలవరకు తిరుగు ప్రయాణమునకు సిద్ధపడు కాలము.

బండిలో కూర్చుండి జంతువులను చూచుట సులభమేల? నిలువుగా నడచు మనిషి ఆకారము అడవి మృగమునకు తరతరముల భయము. నిశ్చలముగా నిలిచిన బండి దానికి పెద్ద బండరాయివంటిది. అయితే తలుపు చప్పుడైనను, గాలి మన వాసనను మోసికొనిపోయినను ఆ మాయ తొలగిపోవును. కావున యంత్రము నాపవలెను, దీపములార్పవలెను, గాలి జంతువునుండి మనవైపు వీచుచోట నిలువవలెను.

ఇంత తెలిసియు మేమొక తప్పు చేసితిమి. అభయారణ్యమున అనుమతి లేనిదే ప్రవేశింపరాదు. అందుచే రాత్రి మకామునకు దాని వెలుపల, ఒక పల్లె పొలిమేరలో, చిన్న కుంటగట్టున బండి నిలిపితిమి. నీటి యొడ్డున ఉన్నచో జంతువులు తామై కన్నులయెదుటికి వచ్చునని మా ఆశ. పొద్దువాలు వేళ పసులను తోలుకొనిపోవు వృద్ధుడొకడు ఆగి, మమ్మును, బండిని పరికించి ఇట్లనెను: "ఈ కుంట ఒక్కదాంట్లనే నీళ్లున్నయి సారూ. మీరు ఈడ కూసుంటే అవి ఏడ తాగుతయి?"

ఆ ఒక్క మాటకు మా పుస్తకజ్ఞానము తలవంచెను. మనుబోతు కొన్నిదినములు నీరు లేక ఓర్చుకొనగలదు. దుప్పికి వేసవిలో దినమునకొక్కమారైనను నీరు కావలెను. భారతదేశమునను నేపాలమునను తప్ప మరెక్కడను లేని నాలుగుకొమ్ముల జింక నీటికి దూరముగా బ్రతుకలేదు. మనము వేడుకకు కూర్చున్న గంట దానికి దప్పిక తీరవలసిన గంట. మనము కదలనంతసేపు అది పొదలలో నిలిచి వేచియుండును. లేదా మరొక నీటికై రోడ్డు దాటి, బండ్ల క్రిందపడును.

వెంటనే బండిని నాలుగువందల అడుగుల దూరమునకు, పొలము యజమాని సమ్మతితో, ఒక వేపచెట్టు క్రిందికి మార్చితిమి. మసక వెలుతురులో మొదట కౌజులు దిగినవి. చాలసేపటికి పొదలనుండి చిన్న జింక యొకటి, అడుగడుగునకు ఆగుచు, నీటికి వచ్చెను. దాని ముందటి కొమ్ములు మిక్కిలి పొట్టివి గనుక దుర్భిణితోనైనను నాలుగింటిని లెక్కింపలేకపోతిమి. అది నీరు త్రాగుట మాత్రము కన్నులార చూచితిమి. చాలదా?

ఇట్టి యాత్రకు పోదలచినవారికి కొన్ని మాటలు. ఒంటరిగా పోవువారు రాత్రి మకాము ఎచ్చటనో ఇంటివారికి ముందుగా తెలుపవలెను. చీకటి పడకముందే బండి నిలుపుట మేలు. తప్పక రాత్రి నడుపవలసినచో నెమ్మదిగా నడుపవలెను. రోడ్డుప్రక్క రెండు మెరుపులు కనబడినచో అవి కన్నులని తెలియవలెను. పెక్కు మృగముల కంటిలో, నేత్రపటలము వెనుక, అద్దమువంటి పొర యొకటి కలదు. దీపకాంతి దానిపై పడి తిరిగి మెరయును. ఆ కాంతికి కన్నులు చెదరిన జంతువు కదలక నిలిచిపోవును. అప్పుడు దీపముల కాంతిని తగ్గించి, ఆగి, దానికి దారి విడువవలెను. ఒకటి దాటినచో వెనుక మరొకటి రావచ్చును. మిగిలిన అన్నము కోతులకు వేయరాదు. వేసినచో అవి రోడ్డునే ఇల్లు చేసికొనును. అడవిలో నిప్పు రాజేయరాదు. అభయారణ్యమునకు ముప్పు కలుగునట్లు నిప్పు రాజేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

తెల్లవారి కుంటవద్దకు పోయి చూచితిమి. మేము మొదట బండి నిలిపిన చోట, చక్రముల గాడిమీదుగా, చిన్న గిట్టల జాడలు నీటివరకు పోయి తిరిగి అడవివైపు మరలియున్నవి. మేము ఖాళీచేసిన స్థలమునుండియే అవి నీటికి దిగినవి.