చదవకముందే తీర్పు చెప్పేసిన పుస్తకం

1994 చివర్లో అమెరికాలో ‘ది బెల్ కర్వ్’ విడుదలైంది. 800 పేజీలు పైబడిన లావుపాటి పుస్తకం, నిండా పట్టికలూ గ్రాఫులూ. అయినా లక్షల్లో అమ్ముడుపోయింది. చివరిదాకా చదివినవాళ్లెందరో గానీ, తిట్టేవాళ్లకూ నెత్తిన పెట్టుకునేవాళ్లకూ కొదవ లేకపోయింది. రచయితల్లో ఒకరైన హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ హెర్న్‌స్టీన్ విడుదలకు కొంచెం ముందే కన్నుమూశారు. జవాబు చెప్పుకునే బాధ్యత రెండో రచయిత చార్లెస్ మర్రే మీద పడింది.

‘నల్లవాళ్లకు పుట్టుకతోనే తెలివి తక్కువని రాశారట!’ ఆ నోటా ఈ నోటా పాకిన మాట ఇదే. నిజానికి పుస్తకం ప్రధానంగా వాదించింది వర్గాల గురించి. ఎవరు పైకొస్తారు, ఎవరు పేదరికంలో మిగిలిపోతారు అన్నది తల్లిదండ్రుల స్తోమత కంటే ఐక్యూ మీదే ఎక్కువ ఆధారపడుతోందన్నారు. అది చూపడానికి వరుసగా ఎనిమిది అధ్యాయాల్లో తెల్లవాళ్ల లెక్కలే తీసుకున్నారు. జాతుల మధ్య తేడాల చర్చ 13వ అధ్యాయంలో గానీ మొదలవదు. ఆ తేడాలకు జన్యువులూ పరిసరాలూ రెండూ కారణమై ఉండే అవకాశం చాలా ఎక్కువని, దేని వాటా ఎంతో మాత్రం తేల్చలేమని రాశారు. ఈ చివరి ముక్క చాలామంది చెవిన పడనే లేదు.

అలాగని తప్పంతా జనం మీద నెట్టేయలేం. విడుదలకు ముందు సమీక్షకుల చేతికి ప్రతులు సరిగా అందలేదు. ‘న్యూ రిపబ్లిక్’ పత్రికలో ముందుగా వచ్చిన వ్యాసం జాతుల గురించే. దాన్ని రాసిందీ ఈ రచయితలే!

ఏళ్లు గడిచినా ఆ ముద్ర చెరగలేదు. 2017 మార్చిలో వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ కాలేజీకి మర్రే వెళ్లారు. మాట్లాడాల్సింది తెల్ల శ్రామికుల దుస్థితి గురించి. విద్యార్థులు లేచి, వీపులు తిప్పి నినాదాలు అందుకున్నారు. ఆయన్ని గట్టిగా ప్రశ్నించడానికే వచ్చిన ప్రొఫెసర్ ఆలిసన్ స్టాంగర్‌కు, బయటికి వెళ్తుంటే తోపులాటలో మెడకూ తలకూ దెబ్బలు తగిలాయి. తర్వాత ఇద్దరు కార్నెల్ యూనివర్సిటీ ఆచార్యులు ఆ ప్రసంగ పాఠాన్ని పేరు తీసేసి 70 మంది అధ్యాపకులకు పంపారు. అది ఎంత వామపక్షమో, ఎంత మితవాదమో 1 నుంచి 9 లోపు అంకె వేయమన్నారు. సగటు 5.05 వచ్చింది. అంటే నట్టనడుమ!

ఇక అభిమానుల వక్రీకరణ ఇంకో తీరు. పుస్తకం చెప్పిందంతా సైన్స్ ఒప్పేసుకుందంటారు. ఒప్పుకోలేదు. ఐక్యూ స్కోర్లకూ చదువులో రాణింపుకూ సంబంధం ఉందన్న అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందమే, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య తేడా జన్యువుల వల్లేననడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. పేద తల్లుల కాన్పులకు ఊతమిచ్చే ప్రభుత్వ సాయం ఆపాలని పుస్తకం చేసిన సిఫారసు గురించి అభిమానులు పెదవి విప్పరు.

1996లో బర్క్‌లీ సామాజిక శాస్త్రవేత్తలు పుస్తకం వాడుకున్న సర్వే లెక్కల్నే మళ్లీ మొదటి నుంచి వేశారు. ఇల్లు, బడి, పెరిగిన చోటు అన్నీ కలిపి చూస్తే పరిసరాల బరువు ఈ రచయితలు చూపిన దానికంటే బాగా పెరిగింది. మర్రే వాదనను నిజంగా ఇరుకున పెట్టినవాళ్లు వీళ్లు. వీళ్లు ఆ పుస్తకాన్ని అనుబంధాలతో సహా చదివారు.