వాచీకి అడుగుల లెక్క ఎలా తెలుసు?

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లన్నీ అమ్మ వెంట తిరిగి ఇంటికొచ్చావు. అమ్మ వాచీ 4,200 అడుగులని చూపిస్తోంది. దానికి కళ్లు లేవు. పైగా అది ఉన్నది కాలికి కాదు, చేతికి! మరి ఎలా లెక్కపెట్టింది?

నిండు బిందె మోసేటప్పుడు చూడు, అడుగడుక్కీ నీళ్లు తొణుకుతాయి. వాచీలోనూ అలా ఊగేది ఒకటుంది. సిలికాన్‌తో చేసిన బుల్లి బరువది, కంటికి ఆనదు. సన్నసన్నని స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. చెయ్యి కదిలితే అది కాస్త వెనకబడుతుంది. దానికీ పక్కనున్న పలకలకీ మధ్య సందు మారుతుంది. సందు మారితే అక్కడ నిలిచే విద్యుత్తూ మారుతుంది. ఆ మార్పునే వాచీ సెకనుకు ఎన్నోసార్లు చదువుతుంది.

మరి పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బండి మీద పోతే, గుంతలకూ ఊగుతుంది కదా? ఊగుతుంది. కానీ నడకకో తాళం ఉంది, సెకనుకు దాదాపు రెండడుగులు. ఆ తాళం కాసేపు కుదిరితేనే లెక్కలో వేసుకుంటుంది. అయినా మోసపోతుందిలే! కూర్చుని చేతులూపినా ఒక్కోసారి అడుగులు పెరుగుతాయి. తోపుడు బండి పట్టుకుని నడిచేవాళ్లకేమో తగ్గుతాయి, పాపం.

ఫోన్‌లోని యాప్ ఈ లెక్కను రోజుకో గీతగా చూపిస్తుంది. ఇవాళ్టి గీత పొట్టిగా ఉంటే, అన్నం తిన్నాక అమ్మ మిద్దె మీద ఇంకో నాలుగు చుట్లు తిరుగుతుంది. అన్నట్టు, రోజుకు 10,000 అడుగులన్న మాట డాక్టర్లు లెక్కగట్టి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఓ అడుగుల మీటరు ప్రచారంతో పాకిపోయింది.