గేదెల పాలవుతున్న పీచు

కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలి, ఆడవారికి 25. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో తేల్చిన లెక్క ఇది. ఒళ్లు వంచి పొలం పని చేసే మగవారికైతే 50. శ్రమ పెరిగితే తిండి పెరుగుతుంది, తిండితోపాటే పీచూ పెరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పదేళ్లు, ఆపై వయసున్న వారందరికీ కనీసం 25 గ్రాములంది.

మరి కంచంలోకి వస్తున్నదెంత?

పొద్దున ఇడ్లీ, రెండు పూటలా అన్నం, పప్పు, ఓ కూర, పెరుగు తినే ఆఫీసు ఉద్యోగినే తీసుకుందాం. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. ఇడ్లీ రవ్వతో కలిపి రోజంతా 300 గ్రాముల బియ్యం లోపలికి వెళ్లినా వచ్చేది ఎనిమిదో తొమ్మిదో గ్రాములు. 50 గ్రాముల కందిపప్పు నాలుగున్నర, ఇడ్లీలోని మినప్పప్పు మూడు, కూర ఇంకో నాలుగు ఇస్తాయి. పెరుగులో, గుడ్డులో, మాంసంలో అసలుండదు. ఎంత లాగినా లెక్క ఇరవై దగ్గరే ఆగిపోతుంది.

మిగతాది మిల్లులో పోయింది. 100 గ్రాముల కందుల్లో దాదాపు 23 గ్రాముల పీచు ఉంటే, పొట్టు తీసి బద్దలు చేసిన పప్పులో మిగిలేది 9. గోధుమపిండిలో 11 ఉంటే మైదాలో 3 లోపే. తవుడూ పొట్టూ దాణాగా గేదెల తొట్టిలోకి చేరతాయి. ఈ పంపకంలో లాభపడింది గేదేనని వేరే చెప్పాలా!

పీచును మన పేగులు అరిగించుకోలేవు. దాని ఉపయోగమంతా అందులోనే ఉంది. కొంత నీటిని పీల్చుకుని మలాన్ని మెత్తబరుస్తుంది. కొంత జిగురుగా మారి రక్తంలోకి చక్కెర ఒక్కసారిగా ఎక్కకుండా ఆపుతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అదే మేత. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఓ భారీ సమీక్ష, పీచు బాగా తినేవారిలో గుండెజబ్బులు, మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం దాకా తక్కువని తేల్చింది.

తగ్గిన పది గ్రాములు పూడ్చడానికి డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. ఓ జామకాయలోనే ఎనిమిది గ్రాముల దాకా ఉంటుంది, రసం తీసి వడకట్టకుండా కొరుక్కు తినాలంతే. గుప్పెడు సెనగలు గుగ్గిళ్లు చేసుకుంటే ఏడు గ్రాములు. రాత్రి అన్నం మానేసి 100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు చేసుకుంటే పది గ్రాములు వస్తాయి. మునగాకు పప్పు చెయ్యడం వచ్చిన ఇంట్లో ఈ బెంగ ఇంకా తక్కువ.

అలాగని ఇవాళే అన్నీ మొదలుపెడితే రాత్రికి కడుపు ఉబ్బి గ్యాస్ పట్టేస్తుంది. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. పేగు ఆపరేషన్ అయినవారు మాత్రం ముందు డాక్టర్ని అడగాలి.